మంద్రస్థాయి

సంగీతం వినడానికి చెవులుంటే చాలునని మనం అనుకుంటాం. చెవులతోబాటు గది కూడా కుదరాలిట. ఈ సంగతి మా బావమరిది వల్ల తెలిసింది.

మేడమీది వెనకగదిని అతను స్టూడియో చేసుకున్నాడు. ఒక కంప్యూటరు, ఒక మైకు, 5 అంగుళాల స్పీకర్లు రెండు – ఇంతే సరంజామా. అందులో వాళ్ళ నాన్నగారి మృదంగం రికార్డు చేస్తున్నాడు. మా మామగారికి 76 ఏళ్ళు. పెద్ద సభల్లో వాయించినవారు కారు. కాని ఆ చేతివాటం మళ్ళీ దొరకదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

రికార్డు వింటే వలంతల గంటలా పలుకుతోంది. తొప్పి మాత్రం వినీ వినిపించనట్లుంది. "నాన్నగారి ఎడమచెయ్యి తగ్గిపోయింది, బావా" అన్నాడు నాతో రహస్యంగా. ఆయనతో అనడానికి నోరురాక, కంప్యూటరులో మంద్రనాదం పెంచుకుంటూ పోయాడు. అదే రికార్డు కింద హాల్లో పెద్ద స్పీకర్లమీద పెడితే, తొప్పి రోకటిపోటులా దడదడలాడింది!

లోపం చేతిది కాదు. చిన్న స్పీకర్లు సెకనుకు 60 కంపనాల కిందికి దిగేసరికి నీరసిస్తాయి. పైగా ఆ గది పొడవు 10 అడుగులు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. లెక్కవేస్తే, ఆ రెండు గోడలమధ్య సుమారు 56 కంపనాల నాదం చిక్కుకొని, గోడలదగ్గర బలిసి, సరిగ్గా నడిమధ్య చచ్చిపోతుంది. మావాడి కుర్చీ అక్కడే ఉంది!

అప్పుడు వచ్చింది సబ్‌వూఫరు – బియ్యపుడబ్బా అంత నల్లటి పెట్టె. ముందు కుర్చీని నడిమధ్యనుంచి తప్పించాడు. తరువాత కుర్చీ ఉన్నచోట పెట్టెను ఉంచి, పాట పెట్టి, తాను గదంతా పిల్లిలా పాకాడు. నాదం సమంగా వినిపించినచోటే పెట్టెకు స్థానం. మా ఆవిడ తలుపుసందులోంచి చూచి, "తమ్ముడిదేదో పోయినట్లుంది, కాస్త వెతికిపెట్టండి" అంది.

80 కంపనాలకు కింది పని పెట్టెకూ, పైది స్పీకర్లకూ పంచాడు. అంత కింది నాదం ఏ దిక్కునుంచి వస్తున్నదో చెవి పసిగట్టలేదు కనుక ఒక్క పెట్టె చాలు. గోడలూ కప్పులూ కూడా దాన్ని ఆపలేవు సుమండీ! "పిండిమర పెట్టారా, నాయనా?" అని కింది వాటా పెద్దావిడ అడిగిన రోజునుంచి, పెట్టె కింద దళసరి రబ్బరు పరిచి, రాత్రి 9 దాటితే దానికి మౌనవ్రతం పట్టిస్తున్నాడు.

పెట్టె కొన్నవాడు ఇల్లదరగొడతాడనుకున్నాం. మావాడు తగ్గిస్తూ తగ్గిస్తూ, అది ఉన్నట్లే తెలియనంతకు తెచ్చాడు. ఉన్నప్పుడు తెలియకూడదు, తీసేస్తే వెలితి తెలియాలి – అదీ కొలత.

ఆపైన, పెంచిందంతా తీసేసి మొదటి రికార్డే పెట్టాడు. తొప్పి నిండుగా, గుండ్రంగా పలికింది. మామగారు కళ్ళు మూసుకొని విన్నారు. "మూడో ఆవర్తంలో కుడిచెయ్యి కాస్త తొందరపడిందిరా. మళ్ళీ వాయిస్తాను" అన్నారు.

ఎడమచేతి ఊసు ఆయనదగ్గర ఎవరమూ ఎత్తలేదు.