ఓలి పోయి కట్నం వచ్చింది

సమాజం మెట్లెక్కుతూ పైకే పోతుందన్న నమ్మకం మనలో చాలామందికి చదువుతో పాటే అబ్బింది. 1877లో మోర్గాన్ రాసిన 'ప్రాచీన సమాజం'లో ఆటవిక, అనాగరిక, నాగరిక దశలని మూడు మెట్లున్నాయి. 1884లో ఆ మెట్లనే తీసుకున్న ఎంగెల్స్, తల్లిహక్కు కూలిపోవడం స్త్రీలకి పెద్ద ఓటమి అని గుర్తించాడు. అంటే సమాజం పైకెక్కిందనుకున్న చోటే స్త్రీ కిందికి జారిందన్నమాట. సమాజాలన్నీ ఒకే నిచ్చెన ఎక్కుతాయన్న మాటని తర్వాతి మానవశాస్త్రం ఒప్పుకోలేదు. మన ఇళ్ళల్లో మాత్రం ఆ నిచ్చెన ఇంకా గోడకి ఆనించే ఉంది.

మా అమ్మమ్మని ఓలి ఇచ్చి చేసుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కాలవ కింద ఊరు వాళ్ళది. నాట్లు, కలుపు, కోతలు అన్నీ ఆమె చేతి మీదే. పిల్లని పంపిస్తే ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి గనక పుట్టింటికి డబ్బు ముట్టచెప్పేవాళ్ళు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన సంపుటాల్లో చాలా తెలుగు కులాల ఓలి ప్రస్తావన ఉంది. అమ్మమ్మ అక్క కాపరం కుదరక మారుమనువు చేసుకుంది. రెండో ఆయన మొదటాయనకి ఓలి తిరిగిచ్చాడట. ఈ సంగతి మా ఇంట్లో గొంతు తగ్గించి చెప్పేవారు.

ఓలి కాలం స్వర్ణయుగమని నేననను. ఆ డబ్బు వెళ్ళింది తండ్రి చేతికే. అగ్రహారాల్లో అలాంటి డబ్బే పసిపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్మే బేరమైంది. 1892లో మొదట ఆడిన 'కన్యాశుల్కం' దాని గురించే. కానీ ఓలి లెక్కలో ఆడదాని కష్టానికి ఒక విలువుంది. బయటికొచ్చే దారీ ఉంది.

నాలుగెకరాలు కూడాక తాతయ్య మొదట చేసిన పని మా అమ్మని పొలం మాన్పించడం. "మా ఆడవాళ్ళు నాట్లకి వెళ్ళరు" అనడం పరువైంది. మారుమనువు తప్పయింది. పైకులాల అలవాట్లు తెచ్చుకుని హోదా పెంచుకోవడాన్నే ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నాడు. హోదా ఇంటికొచ్చింది, దాని ఖర్చు ఆడపిల్ల మీద పడింది. అమ్మ పెళ్ళి నాటికి ఓలి మాటే లేదు, కట్నమిచ్చారు. నా పెళ్ళి 1988లో. కట్ననిషేధ చట్టమొచ్చి అప్పటికి 27 ఏళ్ళు. నేను ఎమ్మే చదివి ఉద్యోగం చేస్తున్నా డబ్బిచ్చింది మా నాన్నే. పొలంపని మానడంతో విలువ పోయిందనుకుంటే, జీతం తెచ్చినా అది తిరిగి రాలేదు.

1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం తెచ్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కిచ్చింది. దేశమంతటా కూతుళ్ళకి ఆ హక్కు 2005లో వచ్చింది. నాన్న పోయాక తమ్ముడు హక్కు విడుదల కాగితం పట్టుకొచ్చాడు. "నీ వాటా కట్నంగా ఇచ్చేశాం కదక్కా" అన్నాడు. ఆ కట్నం ఏనాడూ నా చేతికి రాలేదు, ఓలి అమ్మమ్మ చేతికి రానట్టే. డబ్బు నడిచే దిక్కు మారింది గాని, ఇచ్చే చేతులూ పుచ్చుకునే చేతులూ మగవాళ్ళవే.

అందుకే సంస్కృతి ముందుకెళ్ళిందా వెనక్కెళ్ళిందా అని అడిగేముందు, ఆ మార్పులో ఎవరి చేతికి ఏమొచ్చింది, ఎవరికి ఏ దారి మూసుకుపోయింది అని అడగాలనిపిస్తుంది నాకు. కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. పుట్టింటికి రాకపోకలు తగ్గాయి. పొలంలో నా వాటా మాత్రం ఇంకా నాదే.