తల ఊపాడు కదా అనుకున్నాను

పాశమైలారంలో మాది మందుల సీసాలకు లేబుళ్లు అంటించి పెట్టెలకెత్తే యూనిట్. నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఆ రాత్రి బ్యాచ్ మారుతోందని, లేబుల్ రోల్ మార్చాలని లైన్ మీదున్న కుర్రాడికి చెప్పాను. అతనికి పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి తెలిసి కూడా మాస్కు తియ్యకుండా, నడుస్తూ నడుస్తూ, పాత రోల్ వైపు చెయ్యి చూపి చెప్పాను. "అర్థమైందా?" అన్నాను. తల ఊపాడు. తెల్లారేసరికి కొత్త బ్యాచ్ సీసాలన్నిటికీ పాత లేబుళ్లే.

అందరి ముందూ అరిచాను. రిపోర్టులో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసి సంతకం పెట్టాను. అతని జీతం కోశారు.

తర్వాత అతను ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు: "సార్, మీ నోరు కనపడలే. చెయ్యి పాత రోల్ చూపింది. అదే పెట్టిన."

మరి తల ఎందుకు ఊపావని అడిగాను. అర్థం కాలేదంటే ఎదుటివాళ్లు ఇంకా గట్టిగా అరుస్తారు, విసుక్కుంటారు, చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తారు. ఊపితే వదిలేస్తారు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటైందని రాశాడు. ఆ అలవాటును నేను 'సరే సార్' అన్నట్టుగా తీసుకున్నాను.

రిపోర్టు మార్చి రాశాను, కోసిన డబ్బు ఇప్పించాను. అరిచింది అందరి ముందు కాబట్టి క్షమించమని అడిగిందీ అందరి ముందే.

పెదవులు చూసి పట్టేస్తారులే అని మనకో నమ్మకం. అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒకటే. అరిస్తే నోటి తీరు మారిపోయి ఇంకా కష్టం. పోనీ రాసిద్దామని ఒకసారి పేజీడు తెలుగు రాసిచ్చాను. అదీ పనిచెయ్యలేదు. అతను వాడే సైగల భాషకు వ్యాకరణం వేరు. తెలుగు అతని చెవిన ఎన్నడూ పడని భాష, బడిలో పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. చిన్న వాక్యం, వాట్సాప్‌లో ఫోటో, లేదంటే రోల్‌నే చేతికివ్వడం. ఇవి పనిచేశాయి. ఇప్పుడు 'అర్థమైందా' అని అడగను. మొదటి పెట్టె నా ముందే కట్టి చూపించమంటాను.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ల నిఘంటువులో 10,000కు పైగా పదాలున్నాయి, వీడియోలతో సహా. అందులోంచి ఆపు, మార్చు, తప్పు, ఎన్ని లాంటివి నేర్చుకెళ్లాను. అతను నా చేతుల్ని పెద్దగా పట్టించుకోలేదు, మొహాన్ని సరిదిద్దాడు. అడిగేటప్పుడు కనుబొమలు కదలాలి. లేకపోతే అడిగినట్టే కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం టీ బల్ల దగ్గరి సంగతి. ఇస్నాపూర్ చౌరస్తా ట్రాఫిక్ గురించో, ఎవరింట్లోనో పెళ్లి గురించో మాట్లాడుకుంటూ నవ్వుకునేవాళ్లం. ఏంటని అతను చెయ్యి తిప్పి అడిగితే 'ఏం లేదు' అన్నట్టు చెయ్యి ఊపేసేవాణ్ని. ఎన్నిసార్లు ఊపానో! అంతమందిలో ఉండి కూడా అతను రోజూ ఒక్కడే టీ తాగాడన్నమాట. చెప్పిన మాట రెండు నిమిషాల్లో టైప్ చేస్తే సరిపోయేది. ఇప్పుడు చేస్తున్నాం. మావాళ్లకు పది సైగలు వచ్చాయి కూడా.

ఇది అతనొక్కడి విషయం అనుకోకండి. పటాన్‌చెరు, బొల్లారం షెడ్లలో ఏళ్ల తరబడి ప్రెస్సుల పక్కన నిలబడి చెవులు దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టప్రకారం అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. పిలిస్తే పలకడంలేదని మనం విసుక్కునే పెద్దాయనకు ఆ జబ్బే ఉండొచ్చు.

2025 జూన్ 30న పాశమైలారంలోనే ఒక మందుల ఫ్యాక్టరీ పేలి పదుల మంది చనిపోయాక మా దగ్గరా మాక్ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగింది, అందరూ బయటికి పరుగెత్తారు. అతను తలొంచుకుని సీసాలు సర్దుతూనే ఉన్నాడు. నేను వెనక్కి పరుగెత్తి భుజం తట్టాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. ఆ మాట ఎత్తి, సైరన్‌తో పాటే వెలిగి ఆరే ఎర్ర లైటు కావాలని రాసిచ్చాను. ప్యాకింగ్ హాల్లో బిగించారు. బట్టలు మార్చుకునే గదిలో, బాత్రూముల్లో ఇంకా లేదు. ఇండెంట్ మళ్లీ పెట్టాను. అవి వచ్చేదాకా ప్రతి షిఫ్టులో అతన్ని వెతికి బయటికి తీసుకొచ్చే మనిషి ఎవరో బోర్డు మీద పేరు రాస్తున్నాం.