సబ్బవరమున విద్యుత్ బండ్లకు మేత

ఎడ్లబండి తోలువాడు తెల్లవారుజామున బయలుదేరుటకు ముందు గడ్డిమోపు కట్టుకొనెడివాడు. త్రోవలో నీళ్లతొట్టి యెక్కడ గలదో వాని కెఱుకయే. మన వీధులలో చప్పుడు లేక తిరుగుచున్న విద్యుత్ బండ్ల విషయమున నేడు ఆ ముందుచూపు మరల నవసరమైనది. పెట్రోలు అయిదు నిమిషములలో పోయించుకొనవచ్చును; విద్యుత్తు నట్లు పోయించుకొన వీలు లేదు.

ఇవి నిన్న మొన్న పుట్టిన బండ్లని మన విద్యార్థులు తలంతురు. 1897లోనే న్యూయార్కు నగరమున విద్యుత్తుతో నడచు అద్దెబండ్లు తిరిగినవి. బ్యాటరీ నిండువఱకు బండిని నిలుపక, వట్టిపోయినదానిని దింపి నిండినదాని నెక్కించు శాల నచ్చట నేర్పఱచిరి. పిదప పెట్రోలు బండ్లు వానిని ప్రక్కకు ద్రోసినవి.

మన యూరి లెక్క చూతము. స్కూటరు బ్యాటరీకి సుమారు 3 యూనిట్లు పట్టును. ఆటోకు 7 లేక 8. చిన్న కారునకు 30 వఱకు. ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్టునుండి వచ్చునది మూడు కిలోవాట్లకు కొంచె మెక్కువ. కావున కారు రాత్రియంతయు నుండవలెను. వాకిలి గల స్వగృహస్థునకు చింత లేదు. మేడమీద అద్దెకుండువాని సంగతి యేమి? పైనుండి తీగ వ్రేలాడదీయుటకు ఇంటి యజమాని యొప్పుకొనడు. ఒప్పుకొనుటయు క్షేమము గాదు.

ఆనందపురమునుండి అనకాపల్లికి పోవు ఆఱు వరుసల రహదారి, సుమారు 50 కిలోమీటర్లది, సబ్బవరము మీదుగానే సాగుచున్నది. రహదారుల కిరుప్రక్కల 25 కిలోమీటర్ల కొకటి, నగరములలో 3 కిలోమీటర్ల చదరమున కొకటి చొప్పున ఛార్జింగు కేంద్రము లుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2018 డిసెంబరులో నియమములు ప్రకటించెను. నగరము గాని చిన్న యూరు ఈ రెండు కొలతల నడుమ జాఱిపోయినది. పైగా రహదారి కేంద్రములలో కార్లకొఱకు పెట్టిన పెద్ద ప్లగ్గు ఆటోకు పట్టదు. తేలిక బండ్లకు ప్రత్యేక ప్రమాణము 2023లో వెలువడినది గాని, అంతకు ముందు కొన్న బండ్లకు దానివలన నుపకారము లేదు.

మా విద్యార్థి తండ్రి యొకరు ఆటో నడుపుదురు. గడచిన వేసవిలో నాయన సెల్‌ఫోను పటము చూపిన కేంద్రమునకు పోగా యంత్రము పనిచేయకుండెను. మిట్టమధ్యాహ్నము బండిని నెట్టుకొని వచ్చిరి. ఆ పూట బేరములన్నియు పోయినవి. బ్యాంకు వాయిదా మాత్ర మాగలేదు. "సువార్తలో నూనె చాలని కన్యకలకు అంగడి యెచ్చట నున్నదో యైనను తెలియును గదా, మేష్టరుగారూ!" అని ఆయన నాతో ననిరి. నేను బదులు చెప్పలేకపోతిని.

2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రము మనకు పొరుగుననే పరవాడలో నున్నది. (అది బొగ్గుతో నడచునదే గదా యని యడుగువారు గలరు, దానికి వేఱొక వ్యాసము వలయును.) కొఱతయైనది సాకెట్టు. ఛార్జింగు కేంద్రము పెట్టుటకు లైసెన్సు అక్కఱలేదని ప్రభుత్వము 2018లోనే స్పష్టపఱచినది. లక్షలాది రూపాయల వేగయంత్రములకంటె ముందుగా ఆటోస్టాండులోను, సంతలోను, పాఠశాలలయొద్దను మీటరుతో గూడిన సామాన్యపు సాకెట్లు మనకు గావలెనని నా తలంపు.

ఉదయము పిల్లలను దింపిన ఆటోలు కొన్ని మధ్యాహ్నము వఱకు మన ప్రహరీ నీడనే నిలుచుచున్నవి. నాలుగు గంటలలో వాని కడుపు నిండును. సైకిలు షెడ్డులో రెండు సాకెట్లు పెట్టుటనుగూర్చి కరెంటు పనివానిని పిలిపించితిమి. ఎర్తు తీగ క్రొత్తగా దింపవలెననియు, కప్పు కాఱుచున్నది గనుక వానలకు ముందే రేకులు మార్చవలెననియు నతడు చెప్పెను. యూనిట్ల సొమ్ము ఆటోవారే చెల్లింతురట. రేకుల ఖర్చు తల్లిదండ్రుల రాబోవు సమావేశమున చర్చకు రానున్నది.