మైనస్ 110 అంటే ఏంది? అమెరికా ఫుట్‌బాల్ పందెం లెక్క

పోస్టు కొంచెం పెద్దది, మెస్‌లో తిని వచ్చి తీరిగ్గా చదవండి.

ఈ మధ్య మన హాస్టల్ పిల్లల ఫోన్లలో కొత్త రకం టిప్పులు తిరుగుతున్నాయి. ఇన్నాళ్లు ఐపీఎల్ నడిచింది, ఇప్పుడు అమెరికా ఫుట్‌బాల్. "క్రికెట్ అందరికీ తెలుసు, ఇది ఎవరికీ తెలియదు, అందుకే ఇందులో డబ్బు సులువు" అని ఆ ఛానెల్ వాళ్ల మాట. స్కాలర్‌షిప్ పడిన వారంలోనే ఫస్టియర్ తమ్ముడొకడు స్క్రీన్‌షాట్ పట్టుకొని మా రూంకి వచ్చాడు. "అన్నా, మైనస్ 3.5 అంటే ఏంది? మైనస్ 110 అంటే ఏంది?" అని అడిగాడు. వద్దురా అని ఒక్క మాటతో పంపేయొచ్చు. కానీ వద్దన్నదాని మీదకే మనసు పోతది. అందుకే మా రూంలో నలుగురం కూర్చొని ఆట దగ్గర్నుంచి లెక్క దాకా నేర్చుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆట. ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటది, ఎక్కువగా చేతుల్తోనే ఆడతారు. జట్టుకు 11 మంది, మైదానం 100 గజాలు. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ఇస్తారు. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని కంబాల మధ్య నుంచి తంతే ఇంకో 1, తన్నకుండా మళ్లీ గీత దాటిస్తే 2. టచ్‌డౌన్ కుదరదనుకుంటే దూరం నుంచే తన్నొచ్చు, దానికి 3. అంటే పాయింట్లు ఎక్కువగా 3 చొప్పున, 7 చొప్పున వస్తాయి. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి.

పెద్ద లీగ్ పేరు ఎన్ఎఫ్ఎల్. 32 జట్లు. సెప్టెంబర్‌లో మొదలైతే ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్‌తో ముగుస్తది. మామూలు సీజన్లో ఒక్కో జట్టు ఆడేది 17 మ్యాచ్‌లే. ఇంత తక్కువ ఆటలు కాబట్టి ప్రతి ఆట మీద, ప్రతి ఆటగాడి మోకాలి మీద కూడా వారమంతా లెక్కలు కట్టేవాళ్లుంటారు. పందెం రేటు పెట్టేది వాళ్లు. ఎవరికీ తెలియని ఆట అన్నారు కదా, తెలియంది మనకే.

ఇప్పుడు మైనస్ 3.5. బలమైన జట్టు మీదే అందరూ కాస్తే పందెం నడవదు. అందుకని బలమైన జట్టు నుంచి కొన్ని పాయింట్లు తీసేసి లెక్క చూస్తారు. దీన్ని స్ప్రెడ్ అంటారు. 1940ల్లో షికాగోలో చార్ల్స్ మెక్‌నీల్ అనే లెక్కల మాస్టారు దీన్ని పుట్టించాడని చెప్తారు. (లెక్కల మాస్టారే ఎందుకు పుట్టించాడో ఆలోచించండి.)

2024 ఫిబ్రవరి ఫైనల్లో కాన్సాస్ సిటీ 25, శాన్ ఫ్రాన్సిస్కో 22. తేడా 3. నిజానికి ఆ రోజు రేట్లు శాన్ ఫ్రాన్సిస్కో వైపే కొంచెం మొగ్గాయి. అర్థం కావడానికి కాన్సాస్ సిటీ మైనస్ 3.5 అని పెట్టారనుకుందాం. ఆ జట్టు గెలిచింది, దాని మీద కాసినవాడు ఓడిపోయాడు, ఎందుకంటే నాలుగు పాయింట్ల తేడా రాలేదు. మైనస్ 2.5 అయితే గెలిచేవాడు. సరిగ్గా మైనస్ 3 అయితే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి. ఈ లీగ్‌లో మ్యాచ్‌లు అన్నిటికంటే ఎక్కువగా తేలేది 3 పాయింట్ల తేడాతో, దాని తర్వాత 7. కాబట్టి ఆ అర పాయింట్ ఊరికే పెట్టింది కాదు.

ఇంకో రెండు రకాలు ఉన్నాయి. ఎవరు గెలుస్తారో మాత్రమే చెప్పేది మనీలైన్. మైనస్ 150 అంటే 150 పెడితే 100 లాభం, ప్లస్ 130 అంటే 100 పెడితే 130 లాభం. రెండు జట్ల పాయింట్లు కలిపి ఇంతకు పైనా, కిందా అనేది టోటల్. అంతే.

అసలు సంగతి మైనస్ 110లో ఉంది. స్ప్రెడ్‌కు, టోటల్‌కు మామూలు రేటు ఇదే. 100 గెలవాలంటే 110 పెట్టాలి. మన సంతలో కోడి పందెం దగ్గర ఇద్దరు పై పందెం కాసుకుంటే చెరో వంద పెడతారు, గెలిచినవాడు రెండొందలూ పట్టుకుపోతాడు. ఇక్కడ ఇద్దరూ చెరో 110 పెడతారు, మొత్తం 220. గెలిచినవాడికిచ్చేది 210. పది కౌంటర్ దగ్గరే ఉండిపోతది. ఏ జట్టు గెలిచినా ఆ పది అక్కడే.

వంద పందేలు వేసి చూశాం, పేపర్ మీద. 50 గెలిస్తే వచ్చేది 5000, ఓడిన 50కి పోయేది 5500. సగం సరిగ్గా చెప్పినా 500 నష్టం. సరే, 52 గెలిచాం అనుకుందాం. 5200 వచ్చింది, 48 ఓటములకు 5280 పోయింది. ఇంకా 80 నష్టమే. 53 గెలిస్తేనే 130 లాభం కనపడింది. అంటే నూటికి 52.38 కంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్పాలి, అదీ వారమంతా లెక్కలు కట్టి ఆ అంకె పెట్టినవాళ్ల మీద. పైగా అమెరికాలో వరసగా గెలిచేవాళ్లకు "నువ్వు ఇంతకంటే ఎక్కువ పెట్టొద్దు" అని కంపెనీలు పరిమితి తగ్గించేయడం మామూలే.

తమ్ముడి స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇంకోటి. నాలుగు మ్యాచ్‌లు కలిపి ఒకటే పందెం, పార్లే అంటారు. నాలుగూ తగలాలి, ఒక్కటి తప్పినా అంతా పాయె. సగం సగం అవకాశం ఉన్న నాలుగు కలిపితే 16లో ఒకసారి తగులుతది, అంటే 100కి న్యాయంగా 1600 రావాలి. మైనస్ 110 రేట్లతో వచ్చేది దాదాపు 1328. ఒక్క పందెం మీద వందకు నాలుగున్నర రూపాయలు కౌంటర్‌కు పోతుంటే, ఇందులో 17 పోతున్నాయి. టిప్పుల ఛానెళ్లు ఎప్పుడూ పార్లే స్క్రీన్‌షాట్లే ఎందుకు పెడతాయో మాకు అప్పుడు తెలిసింది. పెద్ద అంకె కనపడేది అందులోనే.

ఇంత చదివాక మేం కౌంటర్ వెనక ఎవరున్నారో చూశాం. ఫ్లోరిడా దగ్గర మాత్రం ఆగిపోయాం. అక్కడ ఫోన్లో ఈ పందేలు నడిపే హక్కు సెమినోల్ తెగది. అవును, ఆదివాసీలది.

ఈ ఆటకూ వాళ్లకూ సంబంధం పాతది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే బడి పెట్టారు. తెగల పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనీయకుండా ఉంచిన హాస్టల్ బడి. ఆ బడి జట్టే 1912లో సైనిక అకాడమీ జట్టును 27-6తో కొట్టింది. అవతలి జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐజన్‌హోవర్ ఉన్నాడు. ఇవతల శాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ జిమ్ థోర్ప్. 1920లో ఇప్పటి ఎన్ఎఫ్ఎల్ పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. అదే లీగ్‌లో వాషింగ్టన్ జట్టు వాళ్లను తిట్టే మాటనే తన పేరుగా పెట్టుకొని 2020 దాకా ఆడింది. ఈ సంగతి చదివిన రోజు మా రూంలో లెక్కలు ముందుకు సాగలేదు.

పందెం హక్కు ఎట్ల వచ్చిందంటే, 1987లో కాలిఫోర్నియాలోని కబజాన్ అనే చిన్న తెగ తన భూమిలో బింగో ఆట నడపడం మీద సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచింది. 1988లో అమెరికా పార్లమెంటు తెగల జూదశాలలకు చట్టం చేసింది. వచ్చిన ఆదాయం తెగ పాలనకు, తెగ ప్రజల మేలుకు వాడాలని అందులో ఉంది. ఆటల మీద పందేలను చాలా రాష్ట్రాల్లో ఆపిన 1992 చట్టాన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021లో సెమినోల్ తెగ ఫ్లోరిడాతో ఒప్పందం చేసుకుంది. ఫోన్ రాష్ట్రంలో ఎక్కడున్నా సర్వర్ తెగ భూమిలో ఉంటే పందెం అక్కడే జరిగినట్టు అని అందులో రాశారు. కోర్టుల్లో ఆగి, మళ్లీ 2023 చివర్లో మొదలైంది. వాళ్లు ఆ పది రూపాయలు మిగిలే పక్కన కూర్చున్నారు.

మన దగ్గర సంగతి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా కేంద్రమే చట్టం తెచ్చింది. తమ్ముడికొచ్చిన లింకు ఎక్కడో విదేశంలోది. గెలిచినా డబ్బు ఇవ్వకపోతే అడగడానికి ఆఫీసు లేదు, మనిషి లేడు.

"మనకూ అట్లాంటి హక్కుంటే ఐటీడీఏ చుట్టూ తిరిగే పని ఉండదు కదా అన్నా" అన్నాడు తమ్ముడు. దీని మీద మా నలుగురికీ ఇంకా కుదరలేదు. ఇద్దరు అవునన్నారు. ఇంకో ఇద్దరు, సిటీకి దూరంగా ఉన్న తెగలకు అక్కడా పెద్దగా ఆదాయం లేదని, మనకు 1/70, పెసా ఉన్నాయని, గ్రామసభను అడగకుండా పనులు జరిగిపోతుంటే ముందు దాని సంగతి చూడాలని అన్నారు. రాత్రి ఒంటి గంట దాకా నడిచింది. తమ్ముడు మాత్రం మధ్యలోనే నిద్రపోయాడు. పొద్దున లేచి ఫోన్లోంచి ఆ ఛానెల్ తీసేశాడు, వంద పందేల లెక్క రాసిన పేపర్ అడిగి తీసుకుపోయాడు. వాళ్ల రూంలో ఇంకో ముగ్గురు ఉన్నారట.