బొమ్మ పాతదైనా రంగులు కొత్తవే వాడండి

యాభై దాటాక ఏదైనా ఒక వ్యాపకం పెట్టుకోమని రక్తపోటు రోగులకు తరచు చెబుతుంటాను. నేను పెట్టుకున్నది తైలవర్ణ చిత్రలేఖనం. కొత్తగా నేర్చుకునేవారికి పాత చిత్రాన్ని చూసి వేయడాన్ని మించిన పాఠం లేదు. నేను చూసి వేస్తున్నది సస్సోఫెరాటో అనే ఇటలీ చిత్రకారుడు 1640–50 మధ్య గీసిన ‘ప్రార్థిస్తున్న కన్య మరియ’. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది; నా దగ్గరున్నది దాని అచ్చు ప్రతి.

తెల్లని ముసుగు, ఎర్రని దుస్తు, నీలం పైవస్త్రం, వెనక చీకటి - చూడడానికి అంతే. కాని వాల్చిన కనురెప్పల నీడను పట్టుకోవడానికే వారాలు పడుతుంది. కింది పూత ఆరనిదే పై పూత వేయరాదు. తొందరమనుషులకు ఇది మంచి శిక్షణ.

అయితే ఒక హెచ్చరిక. అనుకరించవలసింది ఆనాటి బొమ్మనే గాని, ఆనాటి రంగులను కాదు. అప్పటి తెలుపు సీసంతోనూ, ఇంగిలీకపు ఎరుపు పాదరసంతోనూ తయారయ్యేవి. 1700లో వృత్తి వ్యాధులపై గ్రంథం రాసిన ఇటలీ వైద్యుడు రామజీని, చిత్రకారుల అనారోగ్యానికి ఇలాంటి పదార్థాలే కారణమన్నాడు. సీసం ఒంట్లో కొద్దికొద్దిగా పేరుకుంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కలుగుతాయి. పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అంచేత ఫ్లేక్ వైట్ జోలికి పోక, టైటానియం వైట్ కొనండి. కుంచె మొనను నోటితో తడపకండి. రంగులు వేస్తూ కాఫీ, ఫలహారాలు తీసుకోకండి. లేచాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇంతకన్నా దగ్గరి ప్రమాదం టర్పెంటైన్. ఒకసారి మా ఆసుపత్రికి రెండేళ్ళ బాబును ఎత్తుకొచ్చారు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన టర్పెంటైన్‌ను పిల్లవాడు తాగాడు.

“ఉప్పునీళ్ళు పట్టించి కక్కించామండీ” అన్నాడు తండ్రి, మంచిపని చేశామనుకుని.

కక్కించడంవల్లనే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. బాబుకు న్యుమోనియా వచ్చింది. చాలా రోజులకు గాని కోలుకోలేదు. ఇలా జరిగితే కక్కించవద్దు, ఇంట్లో ఏ మందూ పట్టించవద్దు. తడిసిన బట్టలు విప్పి, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టర్పెంటైన్‌ను కొన్న డబ్బాలోనే ఉంచి తాళం వేయండి.

కిటికీలు తెరిచి బొమ్మ వేయండి. ఆ వాసన తలనొప్పినీ, కళ్ళమంటనూ తెస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచవచ్చు. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది; నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకోవచ్చు. నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

మరొక మాట. చదువుకునే కళ్ళజోడుతో పుస్తకం దూరంలోని అక్షరం స్పష్టంగా కనిపిస్తుందిగాని, చేయిచాపు దూరంలోని బొమ్మ మసకబారుతుంది. ఆ దూరం కొలిచి కళ్ళ డాక్టరుకు చెప్పండి. నీలం వెలిసినట్టు, తెలుపు పచ్చబారినట్టు కనిపిస్తుంటే శుక్లాలకోసం పరీక్ష చేయించుకోండి.

ఈపాటి జాగ్రత్తలు తీసుకుని హాయిగా కుంచె పట్టండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. బొమ్మ ఎలా వచ్చినా ఫరవాలేదు; ఇంట్లో పిల్లలు క్షేమంగా ఉండాలి.