పడవకి పెళ్ళిచూపులు

పోయిన మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న పెసరట్లు వేస్తుంటే మా ఆయన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టారు. "చూడు, ఉత్తినే ఇస్తారట!" అన్నారు. తీరా చూస్తే పడవ. ఇరవై రెండడుగుల తెరచాప పడవ, ఎవరిదో పెరట్లో చెట్టు కింద ట్రైలర్ మీద ఎక్కి కూర్చుంది. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అంటారే, ఆ సామెత నా కళ్ళెదురుగానే ఉంది.

మేం ఉండేది డాలస్ దగ్గర. చుట్టూ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్ అని పెద్ద పెద్ద జలాశయాలున్నాయి. శని ఆదివారాల్లో వాటి మీద తెల్లటి తెరచాపలు కనిపిస్తే మా ఆయన కారు పక్కకి ఆపి మరీ చూస్తారు. ఆయనది కోనసీమ. వాళ్ళ తాతగారికి తెరచాప పడవ ఉండేదిట, కొబ్బరికాయలు వేసుకుని కాలవలోనూ గోదాట్లోనూ తిప్పేవారుట. ఈ కథ పెళ్ళయిన కొత్తలో విన్నాను, తర్వాత మర్చిపోయాను.

నా సంగతి వేరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనమామ కొడుకు కాలవలో మునిగిపోయాడు. అప్పట్నించీ నీళ్ళంటే నాకు భయం. ఈత రాదు. పైగా ఆగస్టులో మావాడు కాలేజీకి వెళ్ళాలి, ఫీజులు కట్టాలి. అందుకని రెండు షరతులు పెట్టాను. మొత్తం ఖర్చు పదిహేను వందల డాలర్లు దాటకూడదు. నేను కూడా వచ్చి చూసి, సరే అంటేనే కొనాలి. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. కొనడం ఎలాగూ జరగదులే అని నేనూ ధైర్యంగా ఉన్నాను.

ఆ ఉచితం పడవ చూడ్డానికి వెళ్ళేటప్పుడు మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన తోడొచ్చారు. ముప్ఫై ఏళ్ళు పడవలు నడిపిన మనిషి. ఆయన పడవ వైపు చూడకుండా ముందు ట్రైలర్ టైర్ల దగ్గర వంగారు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. మేం చూసినదాని మీద 1907 అని ఉంది. అంటే 2007లో పందొమ్మిదో వారం తయారైన టైరు. "దీన్ని ఇంటికి లాక్కెళ్ళాలంటే ముందు ఈ బండి బాగుచేయాలి" అన్నారాయన.

తర్వాత పైకెక్కి తెరచాప కొయ్య మొదట్లో నన్ను నడవమన్నారు. అడుగు వేస్తే నానిన అట్టపెట్టె మీద కాలేసినట్టు కొంచెం లోపలికి దిగింది. పడవ ఫైబర్ గ్లాసే అయినా పైతలంలో రెండు పొరల మధ్య చెక్క పెడతారట. ఎక్కడో మేకు సందులోంచి నీరు దిగి ఆ చెక్క కుళ్ళితే అలా మెత్తబడుతుంది. ఇంకా కింద వందల పౌండ్ల ఇనుప కీల్, ఒక తీగ మీద వేలాడుతూ ఉంది. ఆ తీగ, అది తిరిగే ఇరుసు అరిగిపోతే మార్చాలి. ఆయన వేళ్ళ మీద లెక్క వేస్తుంటే మూడువేలు దాటింది. ఉత్తినే వచ్చే పడవ అన్నిటికన్నా ఖరీదైనదని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పటికి నాకూ కొంచెం సరదా పుట్టిందని ఒప్పుకోవాలి. ఇదేదో నాకు తెలిసిన విద్యలాగే ఉంది. వంకాయ తొడిమ చూసి కొంటాం, కుండ వేలితో కొట్టి కొంటాం. పడవా అంతే! స్క్రూడ్రైవర్ పిడితో అడుగునుంచి పైదాకా చిన్నగా కొట్టుకుంటూ వెళ్ళాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట, నీరు దిగినచోట బద్దగా మోగుతుంది. మావాడు మమ్మల్ని చూసి "పెళ్ళిచూపులకి వెళ్తున్నారా" అని ఏడిపించేవాడు.

రెండో సంబంధం దగ్గర గొడవొచ్చింది.

నాకు ఆ శనివారం ఒంట్లో బాగాలేక ఆయన ఒక్కరే వెళ్ళారు. నీలం రంగు వేసి తళతళలాడే పడవ. వెనక్కి వచ్చి, రెండు వందలు అడ్వాన్సు ఇచ్చేశానన్నారు. షరతు ఏమైందండీ అంటే, వేరేవాళ్ళు వస్తున్నారని అమ్మేమనిషి తొందరపెట్టాడన్నారు. మర్నాడు నేను వెళ్ళి చూశాను. కొత్త రంగు మీద పిడితో కొడితే ఒక పక్కంతా బద్దగానే మోగింది. ఆ రంగు దేన్ని కప్పడానికి వేశారో అర్థమైంది. ఆపైన కాగితాలు. 1972 చివర్నుంచి ఇక్కడ తయారైన ప్రతి పడవకీ వెనక కుడిపక్క పైభాగాన పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ ఏడాది తయారైందో కూడా అందులోనే తెలుస్తుంది. పడవ మీదున్న సంఖ్యకీ, అతని దగ్గరున్న టైటిల్ కాగితానికీ పొంతన లేదు. ఆ కాగితం అతని పేరు మీదా లేదు. టెక్సస్‌లో పడవకొక టైటిల్, వెనక మోటారు ఉంటే దానికి వేరే టైటిల్. అవి సరిగ్గా లేకపోతే డబ్బిచ్చి కూడా పడవ మనది కాదు. వద్దన్నాం. రెండు వందలూ తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి నేను అనకూడని మాటలు అన్నాను. "మీ సరదాకి పిల్లాడి ఫీజు డబ్బులు నీళ్ళల్లో పోస్తున్నారు" అన్నాను. ఆయన తిరిగి ఏమీ అనలేదు. ఫోన్లో దాచుకున్న పడవల బొమ్మలన్నీ తీసేశారు. రెండు వారాలు ఇంట్లో "కాఫీ", "అన్నం", "తాళాలు" తప్ప ఇంకో మాట లేదు.

ఆ మధ్యలో అత్తయ్యగారు ఫోన్ చేశారు. మాటల్లో విషయం చెప్పాను, కాస్త నిష్టూరంగానే. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మావఁగారు పోయాక ఆ పడవ ఎవరికీ అక్కర్లేకపోయిందమ్మా. పగలగొట్టి చెక్క అమ్మేశాం. ఆ రోజు వాడికి ఏడేళ్ళు. చుక్కాని పట్టుకుని వదలనన్నాడు. రాత్రి అన్నం తినలేదు."

ఇరవై మూడేళ్ళ కాపురంలో ఈ మాట ఆయన నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి నుంచి నేనే వెతకడం మొదలుపెట్టాను. ఎండలో పడున్నవి వద్దు, గ్యారేజీలో ఉన్నవే చూశాను. ఇక్కడి ఎండకి తెరచాప గుడ్డా, పైన మెరుపూ, తాళ్ళూ అన్నీ సున్నంలా అయిపోతాయి. నిద్రపోయే గది ఉన్న పెద్దవి వద్దు, మా ఇద్దరికీ సరిపోయే చిన్నది చాలు. అలా దొరికింది ఓడే కంపెనీ వాళ్ళ డే సెయిలర్, 1978ది. పదహారు అడుగుల తొమ్మిది అంగుళాలు. దాదాపు ఆరువందల పౌండ్లు, మా కారు లాగగలదు. 1950ల చివర్నుంచి తయారైన రకం కాబట్టి విడిభాగాలు ఇంకా దొరుకుతాయి.

అమ్మేది డెబ్భై దాటిన ఒక పెద్దావిడ. పడవ ఆవిడ భర్తది, ఆయన పోయి రెండేళ్ళయింది. కాగితాలు ఒక కవరులో పెట్టి సిద్ధంగా ఉంచారు. సంఖ్య సరిపోయింది. పిడితో కొట్టాను, ఖంగుమంది. కొయ్యని నిలబెట్టే స్టీలు తీగల వెంట దూదిఉండ రాసుకుంటూ వెళ్ళాను. తెగిన పోగు ఉంటే దూది అక్కడ చిక్కుకుంటుంది. ఒకచోట చిక్కుకుంది, ఆ తీగ మార్చాలని రాసుకున్నాం. తెరచాప గుడ్డ గంజి పెట్టిన చీరలా ఫెళఫెళలాడుతోంది. గుడ్డ బాగానే ఉన్నా ఎండకి ముందు పోయేది కుట్టుదారం. గోటితో గీకి చూశాను, తెగలేదు. కొయ్యని మా ముందే నిలబెట్టి చూపించమన్నాం. అలా చూస్తే ఏ చిన్న వస్తువు పోయిందో అప్పుడే తెలుస్తుంది.

పదకొండు వందలన్నారు. బేరం ఆడబోయి ఊరుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి రెండు లైఫ్ జాకెట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. "గాలెక్కువైతే బోల్తాపడే రకమే ఇది. ఇవి వేసుకోకుండా ఆయన నన్ను ఒడ్డు దాటనిచ్చేవారు కాదు" అన్నారు. అవి పాతబడ్డాయి, మేం కొత్తవి కొనుక్కున్నాం. కానీ ఆవిడవి పారెయ్యలేదు.

టైర్లూ, బేరింగులూ, తీగా, జాకెట్లూ కలిపి పదిహేను వందల ఇరవై అయింది. నా షరతు ఇరవై డాలర్లు దాటింది, సరే పోనీ అనుకున్నాను. అదే వారం నేను పెద్దవాళ్ళ ఈత క్లాసులో చేరాను. ఇప్పటికి వెల్లకిలా తేలడం వచ్చింది, ముందుకు కదలడం ఇంకా రాలేదు.

సెప్టెంబరులో, మావాడు కాలేజీకి వెళ్ళిన మూడో ఆదివారం, గాలి తక్కువగా ఉన్న పూట చూసుకుని బయల్దేరాం. మొదటి పావుగంట నేను పడవ అంచు పట్టుకుని కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరచాప నిండాక మోటారు లేకుండా, చప్పుడు లేకుండా పడవ సాగింది. బి.ఏ.లో తెలుగు చదువుకున్నాను, గాలివాటం అన్న మాట వందసార్లు రాసి ఉంటాను. నిలకడలేని మనిషి గురించే ఎప్పుడూ వాడాను. గాలి ఎటుందో చూసుకుని నడవడం ఇంత ఓపికైన పని అని ఆ రోజే చూశాను.

ఒడ్డుకొచ్చాక అత్తయ్యగారికి వీడియో కాల్ చేశాం. ఆవిడ పడవ చూడలేదు, కొడుకు చేతులే చూశారు. "చుక్కాని ఏదిరా?" అన్నారు. ఆయన చూపించారు. నేను ఫోన్ పట్టుకుని పక్కకి తిరిగి నిలబడ్డాను.