నకలు వేరు, నకిలీ వేరు

ఈసారి పోస్టు కొంచెం పొడవు. మనలో చాలామంది బీరువాల్లో ఉన్న వస్తువు గురించి కాబట్టి ఓపిగ్గా చదవండి.

రాబర్ట్‌సన్‌పేటలో ఉండే మా పెద్దమ్మ, మనవరాలి నర్సింగ్ ఫీజు కోసం తన కాసులపేరు అమ్మాలనుకుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన ఊళ్ళో భూమిలోంచి బంగారం రావడం ఆగిపోయింది, బీరువాల్లోంచి పోవడం మొదలైంది. ఇది మనకు కొత్త కాదు.

అంగడాయన కాసులు అటూ ఇటూ తిప్పి, "వీటిలో సగానికి పైన డూప్లికేటమ్మా" అన్నాడు. ధర తగ్గిందన్న బాధ కంటే పెద్దమ్మకు ఇంకో బాధ పట్టుకుంది. ఆ పేరు పెళ్ళిలో ఆమె అత్తగారు మెడలో వేసింది. "మా అత్త నాకు నకిలీ సొమ్ము పెట్టిందా నాయనా? ఇన్నేళ్ళూ ఆమె ఫోటోకి దండం పెట్టుకుంటా ఉన్నానే" అని నన్ను అడిగింది. పాత నాణేలు చూడడం నాకు ఎప్పటి నుంచో ఉన్న పిచ్చి. భూతద్దం తీసుకుని పోయినాను.

మొత్తం 18 కాసులు. అయిదు అసలైన సవరన్లు. ఒకవైపు ఐదో జార్జి రాజు తల, రెండోవైపు గుర్రం మీద నుంచి డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జి, కింద సంవత్సరం. రాజు పేరులో 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది. అది తప్పు కాదు, లాటిన్ రాత పద్ధతి. వాటిలో ఒకదాని మీద 1918 అంకెకు పైన చిన్న 'ఐ' అక్షరం కనిపించింది. ఐ అంటే ఇండియా. ఆ ఒక్క ఏడాదే లండన్ రాయల్ మింట్ వాళ్ళు బొంబాయి శాఖలో సవరన్లు ముద్రించారు. అక్కడ 'ఎం' ఉంటే మెల్‌బోర్న్, 'ఎస్' ఉంటే సిడ్నీ, 'పి' ఉంటే పెర్త్.

మిగతా 13 కాసుల మీద రాజు మన ఊరి పెద్దమనిషిలా ఉన్నాడు. చుట్టూ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తాయి గానీ చదవబోతే మాట రాదు. కొన్ని తిరగబడి ఉన్నాయి. సంవత్సరం లేదు. ఇంగ్లీషు రాని కంసాలి, సవరన్ను ఎదురుగా పెట్టుకుని చేసిన అచ్చు అది.

ఇలాంటి పని మన దగ్గరే జరగలేదు. ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మెర్సియా అనే రాజ్యాన్ని ఆఫా ఏలినాడు. ఆయన పేరుతో ఉన్న ఒక బంగారు నాణెం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది బాగ్దాదు ఖలీఫా అల్ మన్సూర్ దీనారుకు నకలు. దాని మీద హిజ్రీ 157 అన్న ఏడాది కూడా అలాగే దింపేశారు. అరబ్బీ రాతలో తప్పులున్నాయి. అరబ్బీ వరుసల మధ్య 'ఆఫా రెక్స్', అంటే ఆఫా రాజు అని, తలకిందులుగా చెక్కినారు. చెక్కినవాడికి అరబ్బీ రాదని దాన్నిబట్టే పండితులు చెబుతారు. అయినా దాన్ని ఎవరూ మోసం అనరు. అప్పట్లో జనం నమ్మే బంగారు నాణెం దీనారు, అందుకే ఆ రూపం తీసుకున్నారు.

మన జిల్లా బూదికోటలో పుట్టిన హైదర్ అలీ చేసిందీ అలాంటిదే. జనానికి అలవాటైన శివపార్వతుల బొమ్మను తన వరహా మీద అలాగే ఉంచి, రెండోవైపు తన పేరులోని మొదటి పారసీ అక్షరం వేయించాడు.

ఇంక పెద్దమ్మ కాసులు. వేరే అంగట్లో క్యారెట్ మిషన్‌లో పెట్టించాం. 13 కాసులూ ఇంచుమించు 22 క్యారెట్లే వచ్చాయి. సవరన్ కూడా 22 క్యారెట్లే. కాకపోతే సవరన్ దాదాపు 8 గ్రాములు, ఇవి అంతకంటే పలుచన. అంటే నాణెం నకలు, బంగారం అసలు. "మీ అత్త మోసం చేయలేదు పెద్దమ్మా, కంసాలి చేత నగ చేయించింది" అని చెప్పినాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ పదమూడూ తూకానికి అమ్మి ఫీజు కట్టింది. అయిదు సవరన్లు మనవరాలికని దాచింది.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. అమ్మేముందు ప్రతి కాసూ విడిగా తూకం వేయించండి, అంకెలు, అక్షరాలు చూడండి, క్యారెట్ పరీక్ష చేయించండి. "డూప్లికేట్" అన్న ఒక్క మాటకు ధర వదులుకోకండి. చింతపండుతో తోమకండి, అంచులు అరిగితే గుర్తులు పోతాయి. కొలికి అతికించిన నాణేనికి సేకరించేవాళ్ళు తక్కువే ఇస్తారు, ఆ ఆశ ఎక్కువగా పెట్టుకోకండి. పాత నాణేనికి లక్షలిస్తామని ముందు ఫీజు అడిగే ఫోన్లు పెట్టేయండి. టిప్పు కాలం నాటి మౌలూదీ నాణేలుంటే అంకెలు కుడి నుంచి ఎడమకు చదవండి.

ఒక మాట. మీ బంగారం ఫోటోలు గ్రూపులో పెట్టకండి. చూపించాలనుకుంటే ఇంటికి పిలవండి, భూతద్దం నేనే తెస్తాను.